ఇనుము దాచే గాదె

చుట్టూ ఇనుప కర్మాగారాలే. అయినా అక్కడి ఆడవాళ్ల ఒంట్లో, పిల్లల ఒంట్లో ఇనుము చాలడం లేదు. ఆ లోటు తీర్చే గింజ కోసం ఇస్నాపూర్ పక్కనే ఎక్స్‌రే కన్నుతో వెతికారు శాస్త్రజ్ఞులు. మన ఒంట్లో ఇనుమును భద్రంగా దాచిపెట్టే ఓ బుల్లి ప్రొటీన్ గుట్టు విప్పింది కూడా ఆ ఎక్స్‌రే కన్నే!

ఇస్నాపూర్ చౌరస్తా. పొద్దున్నే షిఫ్టు మారే వేళ. ముంబయి జాతీయ రహదారి మీద ఇనుప కడ్డీలు, రేకులు, పైపులు మోసుకుంటూ లారీలు వరస కడతాయి. పాశమైలారం పారిశ్రామికవాడకు మలుపు ఇక్కడే. టిఫిన్ డబ్బా చేత్తో పట్టుకుని షేర్ ఆటో ఎక్కేవాళ్లు కొందరు. రాత్రి షిఫ్టు దిగి టీకొట్టు ముందు నిలబడేవాళ్లు ఇంకొందరు. తెలుగు, హిందీ, ఒడియా... అన్ని భాషలూ వినిపిస్తాయి. ఎటు చూసినా ఇనుమే కనిపిస్తుంది.

మరి, ఆ ఆటో ఎక్కే అమ్మాయి రక్తంలో?

2019-21 మధ్య జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత. ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. ఇక, ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు పిల్లల సంగతి మరీ దారుణం. తెలంగాణలో నూటికి 70 మందికి రక్తం చాలదు. అంతకు ముందు సర్వేలో ఆ సంఖ్య 60.7. అంటే తగ్గాల్సింది పోయి పెరిగిందన్నమాట!

రక్తహీనతకు కారణాలు అనేకం. నులిపురుగులు, విటమిన్ల లోపం, మలేరియా, పుట్టుకతో వచ్చే జబ్బులు... వీటన్నిటిలోకీ బాగా ముఖ్యమైంది ఇనుము లోపం. ఇనుము తక్కువైతే మెట్లెక్కితే ఆయాసం. పని మీద ధ్యాస నిలవదు. పిల్లలకు చదువు బుర్రకెక్కదు. గర్భిణులకైతే అది ప్రాణాల మీదికే వస్తుంది.

ఇంతా చేసి, మనిషి ఒంట్లో ఉండాల్సిన ఇనుమెంత? మహా అయితే మూడు నాలుగు గ్రాములు. ఓ మేకు బరువు. ఇస్నాపూర్ లారీల్లో టన్నుల కొద్దీ దొర్లే లోహం, ఒంట్లో గ్రాముల దగ్గర కొరత!

ఆ మేకు బరువు ఇనుమును ఎక్కణ్నుంచి తెచ్చుకోవాలి? తెచ్చుకున్నాక ఒళ్లు దాన్ని ఎక్కడ దాచుకుంటుంది? ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం వెతకడానికి శాస్త్రజ్ఞులు ఒకే పనిముట్టు వాడారు. అదే ఎక్స్‌రే. విరిగిన ఎముకల్ని ఫొటో తీసే ఎక్స్‌రే కాదు... అణువుల్ని గుర్తుపట్టే ఎక్స్‌రే.

సజ్జ గింజకో పరీక్ష

ఇస్నాపూర్ నుంచి హైదరాబాద్ వైపు కొద్ది కిలోమీటర్లు వస్తే ఇక్రిశాట్. మెట్ట ప్రాంతాల పంటల మీద పరిశోధనల కోసం 1972లో పటాన్‌చెరులో ఏర్పాటైన అంతర్జాతీయ సంస్థ ఇది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ... ఇవీ దాని పంటలు. ఇక్కడి విత్తన భాండాగారంలో లక్షా ఇరవై వేలకు పైగా నమూనాలు భద్రంగా ఉన్నాయి. ప్రాంగణంలో ఎర్రనేలలూ ఉన్నాయి, నల్లరేగడీ ఉంది.

ఒకప్పుడు సజ్జ పరిశోధన అంటే దిగుబడి, వెర్రి తెగులు... ఈ రెండే లెక్క. ఎకరానికి ఎన్ని బస్తాలు అన్నదే ప్రశ్న. 2000 తర్వాత మరో ప్రశ్న వచ్చి చేరింది. గింజలో ఇనుమెంత?

ఎందుకంటే, ఇనుము మాత్రలు పంచినా అందరూ వాడటం లేదు. కొందరికి వికారం, కొందరికి మలబద్ధకం. ఇంకొందరికి అసలు అందవు. అదే రోజూ తినే రొట్టెలోనే ఇనుము ఎక్కువుంటే? ఎవరికీ ఏమీ గుర్తుచేయనక్కర్లేదు. ఆకలేసినప్పుడల్లా అందులోంచే కొంత ఒంటికి చేరుతుంది. పంటలోనే పోషకాన్ని పెంచే ఈ పద్ధతికి బయోఫోర్టిఫికేషన్ అని పేరు. ‘హార్వెస్ట్‌ప్లస్’ అనే అంతర్జాతీయ కార్యక్రమం తోడు నిలవడంతో ఇక్రిశాట్ సజ్జ మీద ఈ పని చేపట్టింది.

సజ్జనే ఎందుకంటారా? మన ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలు చూస్తే తెలుస్తుంది. వంద గ్రాముల పాలిష్ పట్టిన బియ్యంలో ఇనుము దాదాపు 0.65 మిల్లీగ్రాములు. అదే వంద గ్రాముల సజ్జల్లో 6.4 మిల్లీగ్రాములు. దాదాపు పది రెట్లు! పైగా నీళ్లు లేకున్నా, ఎండలు మండినా పండే పంట అది.

అయితే అన్ని సజ్జలూ ఒకటి కావు. ఒక రకంలో ఇనుము తక్కువ, ఇంకోదాంట్లో రెండు మూడు రెట్లు ఎక్కువ. చూస్తే మాత్రం రెండూ ఒక్కలాగే ఉంటాయి. రుచీ పట్టించదు. వేల రకాల్లోంచి ఇనుము ఎక్కువున్న గింజను పట్టుకోవడం ఎలా?

పాత పద్ధతి ఉంది. గింజల్ని పిండి చేయాలి. ఆ పిండిని ఘాటైన యాసిడ్‌లో కరిగించాలి. ఆ ద్రావణాన్ని వేల డిగ్రీల వేడిలో మండించి, వచ్చే కాంతిని బట్టి ఇనుమును లెక్కకట్టాలి. ఫలితం కచ్చితంగా వస్తుంది. కానీ ఖర్చు ఎక్కువ, ఆలస్యమూ ఎక్కువే. ఒక్కో సీజన్‌లో వేల నమూనాలు చూడాలంటే కష్టం. అందులోనూ పరీక్షకు పెట్టిన గింజ మిగలదు.

అక్కడే ఆదుకుంది ఎక్స్‌రే ఫ్లోరోసెన్స్ యంత్రం. బల్ల మీద పట్టేంత పెట్టె. గింజల్ని పిండి చేయనక్కర్లేదు, యాసిడూ అక్కర్లేదు. చిన్న కప్పులో కాసిని గింజలు పోసి లోపల పెడితే చాలు. నిమిషాల్లో ఇనుమెంత, జింకెంత అన్నది తెర మీద కనిపిస్తుంది. గింజ చెక్కుచెదరదు. ఈ పద్ధతి గోధుమ, వరి, సజ్జ గింజలకు బాగా పనికొస్తుందని 2012లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రకటించారు. పటాన్‌చెరులో సజ్జ వంగడాల వడపోతకు ఇదే జల్లెడ అయింది. జల్లెడలో నిలిచిన మేలు రకాల్ని మాత్రం పాత యాసిడ్ పద్ధతిలో మళ్లీ సరిచూసుకుంటారు.

అణువు పలికే పేరు

ఇంతకీ మూసి ఉన్న గింజలో ఇనుము ఉన్నట్టు ఆ పెట్టెకు ఎలా తెలుస్తుంది?

ప్రతి పరమాణువులోనూ మధ్యన కేంద్రకం, దాని చుట్టూ అంతస్తులు అంతస్తులుగా ఎలక్ట్రాన్లు ఉంటాయి. శక్తిమంతమైన ఎక్స్‌రే వచ్చి తగిలితే లోపలి అంతస్తులోని ఎలక్ట్రాన్ ఎగిరి బయట పడుతుంది. ఆ ఖాళీలోకి పై అంతస్తు ఎలక్ట్రాన్ దిగుతుంది. దిగుతూ దిగుతూ, తన దగ్గర ఎక్కువైన శక్తిని ఇంకో ఎక్స్‌రేగా బయటికి వదిలేస్తుంది. ఆ వచ్చే ఎక్స్‌రే శక్తి ఎంతన్నది ఒక్కో మూలకానికి ఒక్కోలా ఉంటుంది. ఇనుమైతే 6.4 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. జింకైతే 8.6. ఒకదాని సంతకం ఇంకొకటి పెట్టలేదు. సంతకాన్ని బట్టి మూలకమేదో, అలాంటివి ఎన్ని వచ్చాయన్నదాన్ని బట్టి అది ఎంతుందో లెక్క తేలుతుంది.

ఈ సంతకాల సూత్రాన్ని 1913లో కనిపెట్టింది హెన్రీ మోస్లే అనే కుర్ర శాస్త్రవేత్త. రెండేళ్లు తిరక్కుండానే మొదటి ప్రపంచ యుద్ధంలో గల్లిపోలి దగ్గర తూటాకు బలయ్యాడు. అప్పటికి అతడికి 27 ఏళ్లు. అతడు చూపిన దారిలోనే ఇవాళ సజ్జ గింజ పరీక్ష జరుగుతోంది.

ఈ యంత్రానికీ ఓ తంటా ఉంది. అదే దుమ్ము! ఎర్రనేల ఎర్రగా ఉండేదే ఇనుము వల్ల. కల్లంలో గింజకు చిటికెడు మట్టి అంటుకున్నా యంత్రం ఆ ఇనుమునూ గింజ ఖాతాలోనే వేసేస్తుంది. నూర్పిడి యంత్రం అరిగి రాలిన రజను చేరినా అంతే. అందుకే కంకి కోసింది మొదలు కప్పులో పోసేదాకా గింజ మట్టి తగలకుండా, తుప్పు తగలకుండా చూసుకోవాలి. అనుమానం వస్తే నమూనాలో అల్యూమినియం ఎంతుందో చూస్తారు. మట్టిలో అల్యూమినియం దండిగా ఉంటుంది, గింజలో మాత్రం నామమాత్రం. కాబట్టి అది ఎక్కువ కనిపించిందంటే... దొంగ ఇనుము దొరికిపోయినట్టే!

టోగో నుంచి ‘ధనశక్తి’ దాకా

ఈ వెతుకులాటలో తేలిన ఓ విశేషం శాస్త్రజ్ఞుల్నే ఆశ్చర్యపరిచింది. ఇనుము ఎక్కువున్న సజ్జ కోసం ఎక్కడెక్కడో వెతుకుతుంటే, అది అప్పటికే రైతుల పొలాల్లో ఉంది. పశ్చిమాఫ్రికాలోని టోగో దేశపు నాటు సజ్జ నుంచి ఇక్రిశాట్ తయారు చేసిన ఐసీటీపీ 8203 అనే రకం 1988లోనే మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్‌లలో విడుదలైంది. లావుపాటి గింజ, త్వరగా కోతకొస్తుందని రైతులు ఇష్టపడ్డారు. అందులో ఇనుము దండిగా ఉన్న సంగతి మాత్రం చాలాకాలం ఎవరికీ తెలియదు.

కేదార్‌నాథ్ రాయ్ సారథ్యంలో సజ్జ శాస్త్రజ్ఞులు ఆ రకంలోంచే మరింత మేలైన మొక్కల్ని ఏరి కొత్త రకం తీశారు. 2012లో మహారాష్ట్రలో, 2014లో దేశమంతటికీ విడుదలైన ఆ రకం పేరు ‘ధనశక్తి’. కిలో గింజల్లో 71 మిల్లీగ్రాముల ఇనుము. మన దేశంలో ఇనుము కోసమే ప్రత్యేకంగా పెంపొందించి విడుదల చేసిన తొలి సజ్జ ఇదే. జన్యుమార్పిడి పంట కాదు. మొక్కల్ని ఏరుకుంటూ, కలుపుకుంటూ పోయే పాత పద్ధతిలోనే వచ్చింది.

2018లో జొన్నలోనూ ఇలాంటి రకం ‘పర్భణీ శక్తి’ పేరుతో వచ్చింది. అదే ఏడాది నుంచి మరో మార్పు. మన దేశంలో కొత్త సజ్జ రకం విడుదల కావాలంటే దిగుబడి ఒక్కటే చాలదు. కిలోకి కనీసం 42 మిల్లీగ్రాముల ఇనుము, 32 మిల్లీగ్రాముల జింకు ఉండాలని జాతీయ స్థాయిలో నిబంధన పెట్టారు. ఇక్రిశాట్‌లో ఈ పని చేసిన శాస్త్రవేత్త మహాలింగం గోవిందరాజ్‌కు 2022లో నార్మన్ బోర్లాగ్ ఫీల్డ్ అవార్డు దక్కింది.

సరే, గింజలో ఇనుము దొరికింది. తిన్నాం. తర్వాత?

నిప్పులాంటి సరుకు

ఇనుము లేకపోతే బతకలేం. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ గుండెకాయ అదే. కానీ విడిగా వదిలేస్తే అదే ఇనుము విషం! కణంలో ఒంటరిగా తిరిగే ఇనుము అక్కడి ఆక్సిజన్ సమ్మేళనాలతో చేరి, కణం పొరల్నీ జన్యుపదార్థాన్నీ కాల్చేసే ఘాటైన అణువుల్ని పుట్టిస్తుంది. పొయ్యిలో నిప్పు ఉండాల్సిందే. గడ్డివాములో ఉండకూడదు.

మరి ఒళ్లు ఏం చేస్తుంది? గాదె కట్టుకుంది. ఆ గాదె పేరే ఫెరిటిన్.

1937లో చెక్ శాస్త్రవేత్త విలెమ్ లాఫ్‌బెర్గర్ గుర్రం ప్లీహం నుంచి మొదటిసారి దీన్ని విడదీశాడు. ఇది ఒక ప్రొటీన్. 24 ప్రొటీన్ ముక్కలు ఒకదాన్నొకటి పట్టుకుని, లోపల బోలుగా ఉండే బంతిలా అమరి ఉంటాయి. బంతి వెడల్పు దాదాపు 12 నానోమీటర్లు. అంటే మిల్లీమీటరును పది లక్షల ముక్కలు చేస్తే అందులో పన్నెండు ముక్కలంత! లోపలి ఖాళీ సుమారు 8 నానోమీటర్లు. అంత చిన్న ఖాళీలో ఎన్ని ఇనుప పరమాణువులు పడతాయో తెలుసా? 4,500 దాకా!

మన ఊళ్లలో వడ్లు పోసుకునే గుమ్మి ఉండేది. పంట వచ్చినప్పుడు నింపుకోవడం, లేనప్పుడు తీసుకోవడం. ఫెరిటిన్ పనీ అదే. తిండిలో ఇనుము వచ్చినప్పుడు గోడలోని సన్నటి రంధ్రాల గుండా లోపలికి తీసుకుంటుంది. తీసుకునేటప్పుడే దాని స్వభావం మార్చేస్తుంది. నీళ్లలో కరిగి చురుగ్గా తిరిగే ఇనుమును, గట్టిపడి కదలకుండా ఉండే ఇనుముగా చేస్తుంది. కొత్త రక్తం తయారు చేయాల్సి వస్తే మళ్లీ బయటికి వదులుతుంది. కాలేయం, ప్లీహం, ఎముక మజ్జ... ఇవీ దీని గిడ్డంగులు.

పెట్టె సరే... సరుకు?

ఈ గాదె ఎలా ఉందో తెలుసుకోవడానికి కూడా ఎక్స్‌రేలే దిక్కు. ప్రొటీన్‌ను స్ఫటికంగా మార్చి, దాని గుండా ఎక్స్‌రేలు పంపి, అవి చెదిరిన తీరును బట్టి ఆకారం గీయడం ఒక పద్ధతి. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో పౌలీన్ హారిసన్ అనే శాస్త్రవేత్త దశాబ్దాల పాటు ఫెరిటిన్ మీదే పనిచేశారు. ఆమె బృందం 1991లో మానవ ఫెరిటిన్‌లోని ఒక రకం నిర్మాణాన్ని ప్రపంచానికి చూపించింది. ఇరవై నాలుగు ముక్కలూ ఎలా అమరాయో స్పష్టంగా తేలింది.

కానీ ఒక చిక్కు మిగిలిపోయింది. స్ఫటికం పద్ధతి పనిచేయాలంటే ప్రతి బంతీ అచ్చం ఒకేలా ఉండాలి. బయటి గోడలు అలాగే ఉన్నాయి. లోపలి సరుకు మాత్రం అలా లేదు. ఒక బంతి నిండుగా, ఒకటి సగం, మరొకటి ఖాళీ. అందుకే ఆ చిత్రంలో పెట్టె కనిపించింది. సరుకు మసకబారింది.

సరుకును చూడాలంటే స్ఫటికంతో పనిలేని ఎక్స్‌రే పద్ధతి కావాలి. అది అమెరికాలో పుట్టింది. 1971లో డేల్ సేయర్స్, ఎడ్వర్డ్ స్టెర్న్, ఫారెల్ లిటిల్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులు ఎక్స్‌రే వర్ణపటాన్ని చదవడానికి కొత్త దారి చూపారు. పటాన్‌చెరు యంత్రం ఇనుము ఎంతుందో చెబుతుంది. ఈ పద్ధతి ఆ ఇనుము పక్కన ఎవరున్నారో, ఎంత దూరంలో ఉన్నారో చెబుతుంది!

ఎలాగంటే, చెరువులో రాయి వేస్తే అలలు లేస్తాయి కదా. పక్కన బండరాళ్లుంటే ఆ అలలు వాటికి తగిలి వెనక్కి వస్తాయి. వచ్చే అలా, పోయే అలా కలిసి నీటి మీద ఓ ప్రత్యేకమైన ముడత పడుతుంది. ఆ ముడతను జాగ్రత్తగా చదివితే బండరాయి ఎంత దూరంలో ఉందో చెప్పొచ్చు. ఇక్కడా అంతే. ఇనుము నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడదీయాలంటే ఎక్స్‌రేకు 7,112 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. అది దాటగానే ఊడిన ఎలక్ట్రాన్ అలలా బయల్దేరుతుంది. పక్క పరమాణువులకు తగిలి వెనక్కొస్తుంది. ఆ ముడతలు వర్ణపటంలో చిన్న చిన్న అలలుగా కనిపిస్తాయి.

1979లో స్టెర్న్ బృందం ఈ పద్ధతితో ఫెరిటిన్ లోపలికి తొంగి చూసింది. ప్రతి ఇనుప పరమాణువు చుట్టూ ఆరు దాకా ఆక్సిజన్ పరమాణువులు. వాటి మధ్య దూరం... మిల్లీమీటరును కోటి భాగాలు చేస్తే అందులో రెండుకు కాస్త తక్కువ! ఆ ఆక్సిజన్ల అవతల మళ్లీ ఇనుము. తేలిందేమిటంటే, ఫెరిటిన్ లోపలున్నది తుప్పుకు దగ్గరి చుట్టం. బయట మేకును తినేసే తుప్పే, ఒంట్లో బంతి లోపల ప్రాణాన్ని కాపాడే నిధి!

అదే ఏడాది మరో ముచ్చట. ఎలిజబెత్ థీల్, సేయర్స్ మరో సహచరుడితో కలిసి ఫెరిటిన్‌ను ఓ మందుతో పోల్చి చూశారు. అది రక్తహీనత బాధితులకు ఇచ్చే ఐరన్ డెక్స్‌ట్రాన్ ఇంజక్షన్. రెండింటి లోపలా ఇనుము అమరిక దాదాపు ఒకేలా ఉందని తేలింది. మనిషి సీసాలో తయారు చేసుకున్నదీ, ఒళ్లు తనంతట తాను కట్టుకున్నదీ ఒకే పోలిక!

ఇలాంటి ప్రయోగాలకు బల్ల మీది పెట్టె చాలదు. ఎలక్ట్రాన్లను వలయంలో దాదాపు కాంతి వేగంతో తిప్పి, వాటి నుంచి పుట్టే తీవ్రమైన ఎక్స్‌రేలు కావాలి. ఆ వలయాన్ని సింక్రోట్రాన్ అంటారు. మన దేశంలో అది ఇందౌర్‌లో ఉంది. ‘ఇండస్-2’ అనే ఆ వలయం చుట్టుకొలత 172 మీటర్లు. ఇనుములాంటి లోహాల చుట్టూ ఇరుగుపొరుగును చదివే ప్రత్యేక ఎక్స్‌రే దారులు అక్కడున్నాయి.

ఉంటే సరా, అందాలి!

ఇనుము ఎలా ఉందన్నది అంత ముఖ్యమా? ముఖ్యమే. ఎంతుందన్నదానికి తీసిపోదు.

మొక్కల్లోనూ ఫెరిటిన్ ఉంటుంది. బఠాణీ, సోయా లాంటి కాయజాతి గింజల్లో ఇనుము చాలావరకు ఈ గాదెల్లోనే ఉంటుంది. కాకపోతే మొక్క ఫెరిటిన్ లోపలి సరుకులో ఫాస్ఫేటు ఎక్కువ, అమరికలో క్రమం తక్కువ. సజ్జ, గోధుమ, వరి లాంటి ధాన్యాల్లో సంగతి వేరు. అక్కడ ఇనుము ఎక్కువగా మొలక భాగంలో, పై పొరల్లో ఉంటుంది. అందులో చాలా భాగాన్ని ఫైటేట్ అనే పదార్థం గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఆ పట్టు అంత తేలిగ్గా వదలదు. తిన్న ఇనుములో చాలావరకు పేగుల్లోంచి అలాగే బయటికి పోతుంది.

ధాన్యంలో కూడా ఫెరిటిన్ గాదెలు కడితే ఎలా ఉంటుందని 1999లో జపాన్ పరిశోధకులు సోయా ఫెరిటిన్ జన్యువును వరిలో పెట్టి చూశారు. గింజలో ఇనుము మూడు రెట్ల దాకా పెరిగింది. కానీ జన్యుమార్పిడి కావడంతో ఆ దారి వేరు, దాని చర్చలు వేరు.

మరి, ఫైటేట్ ఉన్నా సరే సజ్జలోని ఇనుము ఒంటికి పడుతుందా? లెక్క తేలాల్సింది ఇక్కడే. కర్ణాటకలోని బెళగావి ప్రాంతంలో రెండేళ్ల వయసు పిల్లల మీద జరిగిన అధ్యయనం 2013లో వెలువడింది. మామూలు సజ్జ తిన్నవాళ్ల కన్నా ఇనుము ఎక్కువున్న సజ్జ తిన్న పిల్లల ఒంటికి దాదాపు మూడు రెట్ల ఇనుము పట్టింది. 2015లో మరో ఫలితం వచ్చింది. మహారాష్ట్రలో అప్పటి అహ్మద్‌నగర్ జిల్లాలో 12 నుంచి 16 ఏళ్ల పిల్లలు 246 మందికి రోజూ సజ్జ రొట్టెలు పెట్టారు. కొందరికి మామూలువి, కొందరికి ఇనుము ఎక్కువున్నవి. నాలుగు నెలలయ్యేసరికి రెండో జట్టు పిల్లల రక్తంలో ఒక కొలత స్పష్టంగా పెరిగింది.

ఏమిటా కొలత? ఫెరిటిన్!

అవును. గాదెలు నిండుతుంటే వాటి ఆనవాలు కొద్దిగా రక్తంలోకీ వస్తుంది. 1972లో వేల్స్‌లోని కార్డిఫ్ పరిశోధకులు రక్తంలో ఫెరిటిన్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. అప్పటిదాకా ఒంట్లో ఇనుము నిల్వ తెలియాలంటే ఎముకలోంచి మజ్జ తీసి చూడాల్సి వచ్చేది. ఇప్పుడు చిన్న రక్త పరీక్ష చాలు. లీటరు రక్తద్రవంలో ఫెరిటిన్ 15 మైక్రోగ్రాములకు తగ్గితే పెద్దవాళ్లలో ఇనుము నిల్వలు అయిపోయినట్టేనన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అయిదేళ్లలోపు పిల్లలకైతే 12. జ్వరం, వాపు ఉంటే మాత్రం ఈ కొలత ఎక్కువగా చూపిస్తుంది. అందుకే దాన్ని డాక్టరే చదవాలి.

హిమోగ్లోబిన్ పరీక్ష ఒక్కటే చేస్తే ఇంట్లో రోజువారీ ఖర్చుకు డబ్బుందో లేదో తెలుస్తుంది. ఫెరిటిన్ చూస్తే పెట్టెలో దాచిందెంతో తెలుస్తుంది. చాలామంది ఆడవాళ్ల రక్తం లెక్క పైకి బాగానే కనిపిస్తుంది, లోపల గాదె మాత్రం ఖాళీ. ఓ కాన్పు, ఓ ఆపరేషన్, నెలనెలా ఎక్కువ రక్తస్రావం... ఏదొచ్చినా ఒక్కసారిగా కుప్పకూలిపోయేది వాళ్లే.

కంచం దాకా వచ్చేనా?

పటాన్‌చెరు గింజ పటాన్‌చెరు కంచంలోకి రావడం మాత్రం అనుకున్నంత తేలిక కాదు. పాత మెదక్ జిల్లాలో ఒకప్పుడు జొన్న రొట్టె, సజ్జ రొట్టె, గటక నిత్యం తినేవే. రేషన్ బియ్యం వచ్చాక, బోర్లు పడ్డాక కంచంలో అన్నమే మిగిలింది. షిఫ్టు డ్యూటీలకు పరిగెత్తే ఇళ్లలో రొట్టె తట్టే తీరిక ఎక్కడిది? పైగా సజ్జ పిండికో గుణం ఉంది. గింజలో నూనె శాతం ఎక్కువ కావడంతో పిండి పట్టించిన కొద్ది రోజులకే చేదెక్కుతుంది. బియ్యంలా బస్తాలకొద్దీ దుకాణంలో నిల్వ పెట్టడం కుదరదు.

అదే రహదారిలో జహీరాబాద్ వైపు వెళితే వేరే దృశ్యం. అక్కడి పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు పాతపంటల విత్తనాల్ని కాపాడుకుంటూ వచ్చాయి. ఆ కృషికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ పురస్కారం లభించింది. ఒకచోట ఎక్స్‌రే యంత్రంతో గింజను ఎంచుకున్నారు. మరోచోట అమ్మమ్మల అనుభవంతో గింజను దాచుకున్నారు. దారులు వేరైనా రెండూ కలవాల్సిన చోటు ఒక్కటే... పిల్లల కంచం.

భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫార్సు ప్రకారం మహిళకు రోజుకు 29 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. పురుషుడికి 19 చాలు. రెండు వందల గ్రాముల ధనశక్తి పిండితో చేసిన రొట్టెలు తింటే అందులో 14 మిల్లీగ్రాములు వచ్చేసినట్టే. అంతే బియ్యం వండుకుంటే ఒకటిన్నర కూడా రాదు. మిగతాది పప్పు, ఆకుకూర, గుడ్డు, మాంసం పూరించాలి.

ఇంట్లో ఇలా...

సజ్జల్ని ఎక్కువ పాలిష్ పట్టించొద్దు. ఇనుము ఉండేది పై పొరల్లో, మొలక దగ్గరే. పిండి ఒకేసారి కాకుండా వారానికి సరిపడా పట్టించుకోవాలి. నానబెట్టినా, మొలకెత్తించినా, అంబలిగా పులియబెట్టినా ఫైటేట్ పట్టు సడలుతుంది. రొట్టెతో పాటు నిమ్మరసం పిండిన కూర, ఉసిరి, జామకాయ లాంటివి తింటే వాటిలోని సి విటమిన్ ఇనుమును ఒంటికి పట్టేలా చేస్తుంది. అన్నం తినగానే టీ తాగే అలవాటుంటే మానుకోవాలి, గంట ఆగితే మేలు. తలసీమియా ఉన్నవాళ్లు, తరచూ రక్తం ఎక్కించుకునేవాళ్ల ఒంట్లో గాదెలు పొంగిపొర్లుతుంటాయి. వాళ్లు డాక్టర్ని అడగకుండా ఇనుము మాత్రలు వేసుకోకూడదు. గర్భిణులు మాత్రం డాక్టర్ ఇచ్చిన మాత్రలు మానకూడదు. రొట్టె మాత్రకు తోడే కానీ బదులు కాదు.

* * *

సాయంత్రం. ఇస్నాపూర్ చౌరస్తాలో మళ్లీ షిఫ్టు మారుతుంది. కడ్డీలు మోసే లారీలు మళ్లీ కదులుతాయి. ఆ ఇనుమును తూకం వేయడానికి రోడ్డు పక్కన వేబ్రిడ్జిలున్నాయి. పద్దు రాయడానికి గుమాస్తాలున్నారు. ఆటో ఎక్కే అమ్మాయి ఒంట్లోని ఇనుము తూకం మాత్రం ఎవరూ వేయరు. ఓ మేకు బరువే కదా అనుకుంటారు. ఆ మేకు బరువును గింజలో లెక్కపెట్టే యంత్రం కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉంది. ఒంట్లో లెక్కపెట్టే పరీక్ష అందుబాటులో ఉంది. ఇక మిగిలింది పొయ్యి మీద పెనం పెట్టడమే!